బాలారిష్టాలూ, ఒక యంత్రమూ

నోయిడాలో మా పక్క ఫ్లాటులో ఉండే తెలుగు దంపతులకు బాబు పుట్టాడు. మూడో వారం నుంచి పాలు తాగుతుంటే ఆయాసం, పెదవులు నీలంగా మారడం. ఊళ్ళో పురోహితుడు జాతకం చూసి బాలారిష్టం ఉందన్నాడు. శాంతికి మంచిరోజు కోసం తొమ్మిది రోజులు ఆగారు. ఈలోగా జలుబు చేసి ఊపిరితిత్తులకు దిగింది. ఢిల్లీలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పటికి ఏడో వారం. గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద ధమనులూ తారుమారుగా ఉన్నాయన్నారు. ఆపరేషన్ తర్వాత నాలుగు రోజులు ఎక్మో అనే యంత్రం మీద ఉంచారు. బాబు బతికాడు.

"అంతా వెంకన్న దయండీ" అన్నాడు తండ్రి. ఆసుపత్రి వరండాలో వాదనకు దిగేంత మొరటువాణ్ణి కాను కాబట్టి ఊరుకున్నాను. కానీ ఆ నాలుగు రోజుల వెనక ఎంత కథ ఉందో రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఎక్మో జబ్బును నయం చెయ్యదు. ఒంట్లోంచి చెడురక్తాన్ని గొట్టంతో బయటికి తీసి, పలచటి పొర గుండా ప్రాణవాయువు ఎక్కించి తిరిగి లోపలికి పంపుతుంది. న్యుమోనియా తగ్గేదాకా, గుండె పుంజుకునేదాకా గడువు ఇస్తుంది, అంతే. ఆ గడువు ఊరికే రాదు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇవ్వాలి, దాంతో పసిబిడ్డ మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

దీనికి తాత జాన్ గిబ్బన్ తయారుచేసిన గుండె-ఊపిరితిత్తుల యంత్రం. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో దాని సాయంతో ఒక యువతి గుండెలో రంధ్రం పూడ్చాడు. తర్వాతి రోగులు చనిపోవడంతో ఆయన ఆ పనే మానేశాడు. 1954లో మిన్నెసోటాలో వాల్టన్ లిల్లెహై అసలు యంత్రమే లేకుండా, తండ్రి రక్తప్రసరణను బిడ్డకు కలిపి ఆపరేషన్ చేశాడు. అంటే నాన్నే ఊపిరితిత్తులు! గుండె బాగైంది. పదకొండు రోజుల తర్వాత ఆ పసివాడు న్యుమోనియాతో చనిపోయాడు.

గిబ్బన్ యంత్రంలో రక్తం నేరుగా వాయువుకు తగిలేది. కొన్ని గంటలు దాటితే రక్తకణాలు పాడవుతాయి. మధ్యలో సిలికోన్ పొర పెట్టాక రోజుల తరబడి నడపడం వీలైంది. 1975లో కాలిఫోర్నియాలో రాబర్ట్ బార్ట్‌లెట్ దీన్ని ఊపిరాడని ఒక నవజాత శిశువుకు పెట్టాడు. తల్లి వదిలేసి వెళ్ళిన ఆ పాపకు నర్సులు ఎస్పరాంజా అని పేరు పెట్టారు, స్పానిష్‌లో ఆశ అని అర్థం. పాప బతికింది.

ఒక్క పాప బతికితే రుజువైనట్టా? మన దేవుళ్ళ భక్తులు చెప్పేదీ అదేగా! ఇక్కడే నాకు వైద్యులంటే గౌరవం. పైగా 1979లో ప్రచురించిన, అమెరికాలో పెద్దవాళ్ళ మీద జరిపిన పరీక్షలో ఎక్మో ఇచ్చినా ఇవ్వకపోయినా పదిమందిలో తొమ్మిదిమంది పోయారు. శిశువుల్లో బార్ట్‌లెట్ 1985లో ప్రచురించిన పరీక్షలో ఎక్మో పొందిన పదకొండుమందీ బతికారు, మామూలు చికిత్స పొందిన ఒక్కడూ చనిపోయాడు. ఒక్కడితో పోలికేమిటని అందరూ పెదవి విరిచారు. బోస్టన్‌లో ఇంకో పరీక్ష జరిగింది. మామూలు చికిత్స పొందిన పదిమందిలో నలుగురు పోయారు. ఆ తల్లిదండ్రులకు తమ బిడ్డలు పరీక్షలో ఉన్నట్టే చెప్పలేదు. నా దృష్టిలో అది తప్పే, విజ్ఞానం పేరు చెప్పి దాన్ని మాఫీ చెయ్యలేం. చివరికి 1996లో బ్రిటన్ ఫలితాలు వచ్చాయి. మొత్తం 185 మంది శిశువులు. ఎక్మోకు కేటాయించిన 93 మందిలో 30 మంది, మామూలు చికిత్సకు కేటాయించిన 92 మందిలో 54 మంది చనిపోయారు. ఆ 54 మందినీ తలచుకోకుండా ఎక్మో గొప్పతనం గురించి మాట్లాడటం అన్యాయం. ఇవి ఊపిరితిత్తులు చెడిన శిశువుల లెక్కలు. గుండె లోపం ఉన్నవాళ్ళకు యథాతథంగా అన్వయించకూడదని కూడా చెప్పాలి.

మరి మా పక్కింటి బాబు? ధమనులు తారుమారైన గుండెలో ఎడమ జఠరిక ఊపిరితిత్తులకు రక్తం తోస్తుంది. పుట్టాక అక్కడ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి ఆ కండరం వారాల్లోనే పలచబడుతుంది. ధమనులు మార్చే ఆపరేషన్‌ను 1975లోనే బ్రెజిల్‌లో అడిబ్ జాటేన్ విజయవంతంగా చేశాడు. కానీ నెల దాటాక చేస్తే, నీరసించిన జఠరిక ఒక్కసారిగా ఒళ్ళంతటికీ రక్తం తొయ్యలేదు. మన దేశంలో బిడ్డలు ఆలస్యంగానే వస్తారు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఆ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకుని, ఆపరేషన్ బల్లమీదే ఎక్మోను సిద్ధంగా ఉంచి, కండరం బలపడేదాకా దానిమీద నిలబెట్టారు. 2010 ప్రాంతంలో ఆ అనుభవాన్ని ప్రచురించారు కూడా. ఆలస్యానికి కారణం ఒక్క జాతకాలే అనను. పేదరికం ఉంది, దూరం ఉంది, గుర్తుపట్టని డాక్టర్లూ ఉన్నారు.

ఢిల్లీకి దక్షిణాన పల్వల్‌లో సత్యసాయి పేరుతో పిల్లల గుండె ఆసుపత్రి ఉంది. ఆపరేషన్లు ఉచితం. ఆయన విభూతి మహిమలను ఎన్నేళ్ళు విమర్శించినా, ఈ పని మంచిదని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. అక్కడ కూడా గుండె ఆపి ఆపరేషన్ చేసేది గిబ్బన్ యంత్రం వారసుడితోనే, విభూతితో కాదు. 2011లో పుట్టపర్తి ఆసుపత్రిలో స్వామివారికీ వెంటిలేటరే పెట్టారు.

పక్కింటివాళ్ళకు తర్వాత పాప పుట్టింది. రెండోరోజున కుడిచేతికీ కాలికీ ఆక్సీమీటరు పెట్టించమని తండ్రికి ముందే చెప్పాను. రెండింటిలోనూ 98 వచ్చిందని అర్ధరాత్రి ఫోను చేశాడు. అమ్మమ్మ జాతకమూ రాయించిందట. అందులో ఏముందో నేనడగలేదు.