నాటు గులాబీ

నాటు గులాబీ అనగా తెలుగునాట ఇళ్ళ పెరళ్ళలో పెరిగే, మంచి సువాసన గల గులాబీ రంగు పూలు పూచే పొద గులాబీ. దీనినే కొందరు పన్నీరు గులాబీ అని కూడా అంటారు. ఇది రోజేసీ కుటుంబానికి చెందినది. పూలు చిన్నవి, కాడ పొట్టిది, విచ్చిన మరునాటికే రేకులు రాలుతాయి. కనుక పొడవైన కాడలతో దుకాణాలలో అమ్మే గులాబీల ముందు ఇది చూపుకు ఆనదు. వాసనలో మాత్రం వాటిలో చాలా భాగం దీని దరికి రాలేవు. కాకినాడ జిల్లాలోని సామర్లకోట (2022 ఏప్రిల్ వరకు తూర్పు గోదావరి జిల్లా) వంటి డెల్టా పట్టణాలలో, నాలుగైదు గజాల పెరటి స్థలంలో దీనిని పెంచే పద్ధతి ఈ వ్యాసంలో ప్రధానంగా వివరించబడినది.

పేరు, రకాలు

గులాబీ అన్న మాట పారశీకం నుండి వచ్చినది. ఆ భాషలో గుల్ అనగా పువ్వు, ఆబ్ అనగా నీరు. అంటే గులాబ్ అన్నది మొదట పన్నీటికి పేరు. మన దేశ భాషలలో అది పువ్వుకు స్థిరపడినది.

నాటు గులాబీ, పన్నీరు గులాబీ అన్న పేర్లతో రెండు వేరు వేరు మొక్కలు చలామణిలో ఉన్నవి. పెంచదలచినవారు ముందుగా ఈ తేడాను గుర్తించవలెను.

మొదటిది డమాస్కస్ గులాబీ (రోసా డమాసీనా). అత్తరు, పన్నీరు తీసే అసలు మొక్క ఇదే. బల్గేరియాలోని కజన్‌లక్, టర్కీలోని ఇస్పార్తా, మన దేశంలో ఉత్తర ప్రదేశ్‌లోని కన్నౌజ్ ప్రాంతాలు దీనికి ప్రసిద్ధి. ఇది మూడు జాతుల కలయిక వలన పుట్టిన సంకరమని 2000లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చినది. ఈ మొక్క బాగా పూయాలంటే చలికాలంలో తగినంత చలి ఉండవలెను. ఉత్తరాదిలో కూడా ఇది ముఖ్యంగా వసంతంలో ఒక్కసారి విరగబూస్తుంది. జనవరి రాత్రులు కూడా అంతగా చల్లబడని గోదావరి డెల్టాలో ఇది ఆకులతో ఏపుగా పెరిగి, పూలు మాత్రం పిసినారితనంగా ఇస్తుంది.

రెండవది ఎడ్వర్డు గులాబీ (రోసా బూర్బోనియానా). ఇది శరత్కాలంలో కూడా పూచే ఒక డమాస్కస్ రకానికీ చైనా గులాబీకీ పుట్టిన సంకరం. హిందూ మహాసముద్రంలోని బూర్బన్ దీవి (నేటి రీయూనియన్) పేరు మీద ఈ వర్గానికి బూర్బన్ గులాబీలని పేరు వచ్చినది. పరిమళం డమాస్కస్ వైపు నుండి, మళ్ళీ మళ్ళీ పూచే గుణం చైనా గులాబీ నుండి దీనికి సంక్రమించినవి. చలి అవసరం లేదు, వేడికి ఓర్చుకుంటుంది. పూలు ముదురు గులాబీ రంగులో, గిన్నె ఆకారంలో ఉంటాయి. సామర్లకోట పెరటికి తగినది ఇదే. "పన్నీరు గులాబీ" అని అడిగి తెచ్చుకున్న మొక్క ఏడాది పొడవునా పూస్తుంటే అది దాదాపుగా ఎడ్వర్డే అనుకోవచ్చును. అందుకు చింతించవలసిన పనిలేదు.

"అంటు గులాబీ నాటుగా మారడం"

నర్సరీ నుండి తెచ్చిన ఎర్రని పెద్ద గులాబీ రెండేళ్ళ తరువాత చిన్న చిన్న గులాబీ రంగు పూలు పూస్తున్నదని, "మొక్క నాటుగా మారిపోయింది" అని చాలామంది అనుకుంటారు. మొక్క మారదు. పెద్ద పూల రకాలను సాధారణంగా వేరొక గట్టి గులాబీ మొదలు మీద కన్ను అంటు కట్టి పెంచుతారు. అంటు కట్టిన పై భాగం చనిపోయినా, బలహీనపడినా, అడుగు మొక్క నుండి పిలకలు లేస్తాయి. దక్షిణాదిన అడుగు మొక్కగా వాడే వాటిలో ఎడ్వర్డు గులాబీ ఒకటి.

కనుక అంటుకు దిగువ నుండి లేచిన పిలకను పీకి పారవేసే ముందు ఒక్కసారి దాని పువ్వును చూడడం మంచిది. ఒంటి రేకుల చిన్న తెల్ల పూలు గుత్తులుగా వస్తే అది మల్టీఫ్లోరా అనే వేరొక అడుగు మొక్క, దానిని తీసివేయవచ్చును. గులాబీ రంగు పువ్వు వచ్చి, ఘుమఘుమలాడితే అది మీరు కోరుకున్న మొక్కే. పిలకను అలాగే వదిలితే పై అంటు చచ్చిపోతుంది కాబట్టి దానిని కత్తిరించి, ముక్కలుగా కోసి, వేరే చోట పాతుకోవలెను. డబ్బు పెట్టి తెచ్చిన మొక్క పోయినదని విచారించే ఇళ్ళలో ఈ సువాసన గల గులాబీ ఎంతగా వృథా అయినదో చెప్పలేము.

మొక్కను సంపాదించడం

కొమ్మ నాటితే తేలికగా బతకడం ఈ గులాబీకి గల గొప్ప సౌలభ్యం. పెన్సిలు లావున్న ముదురు కొమ్మను జానెడు పొడవున కోసి, మూడింట రెండు వంతులు మట్టిలో దించి, నీడపట్టున ఉంచవలెను. అక్టోబరు మొదలు జనవరి వరకు అనుకూలం. వేర్లకంటే ముందు చిగురు వస్తుంది. చిగురు చూసి మొక్క బతికిందని లాగి చూడరాదు. రెండు నెలలు కదపకుండా ఉంచవలెను.

కొనదలచినవారికి కడియం, కడియపులంక నర్సరీలు దగ్గర. కడియం స్టేషను సామర్లకోట–రాజమండ్రి రైలు మార్గంలోనే ఉన్నది. అక్కడ రంగురంగుల అంటు గులాబీలు ముందు వరుసలో కనిపిస్తాయి; నాటు రకాన్ని పేరు చెప్పి అడగవలెను. పువ్వును చూసి, వాసన చూసి తీసుకోవడమే సరియైన పరీక్ష. నర్సరీ మొక్క వేళ్ళ చుట్టూ ఎర్రమట్టి గట్టి ముద్దలా ఉంటుంది. నాటే ముందు దానిని నీటిలో నాననిచ్చి, పై పొరను మాత్రం వేళ్ళు తెగకుండా వదులు చేయవలెను.

నేల, నీరు

డెల్టాలో గులాబీని చంపేది ఎండ కాదు, మొదట నిలిచిన నీరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల నీటితో వరికి నెలవైన నేలలివి. వరికి మేలుచేసే బంకమట్టి గులాబీకి మేలు చేయదు. వాన వెలిసిన రెండు రోజులకు కూడా మట్టిలో గాలి ఆడదు, వేళ్ళు కుళ్ళుతాయి. ఆకులు వడలడం చూసి నీరు చాలలేదనుకొని మరింత పోయడం చాలామంది చేసే పొరపాటు. మట్టిని నాలుగు వేళ్ళ లోతు తవ్వి చూసి, తడి లేనప్పుడే పోయవలెను.

అందుచేత గోతిలో కాక దిబ్బ మీద నాటవలెను. అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, ఆ బంకమట్టిలో సగం తీసివేసి, పెద్దాపురం వైపు దొరికే ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ళ వేప పిండి కలిపి నింపి, నేల మట్టానికి అడుగు ఎత్తున దిబ్బ చేయవలెను. వీధి కన్నా ఇంటి ఆవరణ పల్లంగా ఉన్నవారు పెద్ద కుండీలో పెంచడమే మేలు. రోజుకు ఆరు గంటల ఎండ తగలవలెను. ఉదయపు ఎండ శ్రేష్ఠం.

వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు బావులలో నీరు తగ్గుతుంది. కాకినాడ వైపు వెళ్ళిన కొద్దీ బోరు నీరు ఉప్పన. గులాబీ ఉప్పును సహించదు, ఆకుల అంచులు మాడుతాయి. అటువంటి చోట బియ్యం కడిగిన నీరు, వాన నీరు ఉపయోగపడతాయి. లేత ఆకులు పసుపు పచ్చబడి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుప ధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి చల్లితే కోలుకుంటుంది.

కత్తిరింపు

కత్తిరించిన సుమారు 45 రోజులకు కొత్త రెమ్మల చివర పూలు వస్తాయి. సామర్లకోట వాసులకు దీనికొక సులభమైన గుర్తు కలదు. కుమారారామ భీమేశ్వరాలయంలో కార్తీక మాసపు రద్దీ ముగిసే వేళకు కత్తిరిస్తే సంక్రాంతికి పూలు అందుతాయి. అప్పటికి తుఫాను వానలు కూడా చాలావరకు తగ్గుతాయి. ఎండిన కొమ్మలను పూర్తిగా, తక్కిన వాటిని మూడో వంతు మాత్రం తీయవలెను. అంటు గులాబీలవలె మోకాలి ఎత్తుకు నరికితే ఈ మొక్క అలిగినట్లు కొన్ని నెలలు ఆకులే వేస్తుంది. కోసిన చోట బోర్డో పేస్టు పూస్తే కొమ్మ ఎండు తెగులు దిగదు.

చోటు తక్కువైతే పొడవైన కొమ్మలను వంచి ప్రహరీ వెంట అడ్డంగా కట్టవలెను. నిటారు కొమ్మకు చివరనే పువ్వు. అడ్డంగా వంచిన కొమ్మకు ప్రతి కణుపు దగ్గర రెమ్మ లేచి పూస్తుంది.

చీడపీడలు

వానాకాలంలో నల్ల మచ్చ తెగులు ముఖ్యం. ఆకులు గంటల తరబడి తడిగా ఉంటే సోకుతుంది. సాయంత్రం ఆకుల మీద నీరు చల్లరాదు, రాలిన ఆకులను ఏరివేయవలెను. వేసవిలో తామర పురుగుల వలన మొగ్గలు మాడి విచ్చుకోవు. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి చల్లితే చాలు. కాండం మీది పొలుసు పురుగును పాత దంతాల బ్రష్షుతో రుద్దివేయవచ్చును.

ఉపయోగాలు

పూజకు, తలలో ముడుచుకొనడానికి, గుల్కందుకు, పన్నీటికి వాడతారు. వివాహాలలో పన్నీరు బుడ్డితో అతిథులపై చల్లడం పాత ఆచారం. ఒక కిలో గులాబీ తైలానికి సుమారు మూడు నాలుగు టన్నుల పూలు కావలెను కాబట్టి పెరటి పూలతో అత్తరు సాధ్యం కాదు. పన్నీరు, గుల్కందు సాధ్యమే. ఎండ ఎక్కిన కొద్దీ సుగంధ తైలం ఆవిరవుతుంది కనుక పూలను తెల్లవారుజామున కోయవలెను. గుల్కందుకు రేకులు, పంచదార సమపాళ్ళలో పొరలు పొరలుగా గాజు సీసాలో వేసి, మూడు నాలుగు వారాలు ఎండలో పెడతారు. అంగడి పూలపై పురుగుమందులు ఉండే అవకాశం ఎక్కువ. తినడానికి పెరటి పూలనే, అదీ మందు చల్లని వాటినే వాడవలెను.