పనిముట్ల శాలను తరలించుటకు ముందు

 మన విద్యార్థి వసతిగృహమును పడగొట్టి క్రొత్త మేడ కట్టవలెనని నిర్ణయమైనది. కట్టడము శిథిలమైన మాట నిజమే. దానితో నాకు వివాదము లేదు. కాని వెనుకభాగమున రెండు గదులలో మన పెద్దలు చేర్చియుంచిన సేద్యపు పనిముట్లు ఎచటికి పోవలెనను ప్రశ్న మిగిలినది. నాగళ్లు, గొఱ్ఱులు, గుంటకలు, దంతెలు, కపిలకు కట్టు ఇనుపబానలు, చెఱకు గానుగ, తుప్పుపట్టిన నూనె ఇంజను ఒకటి. నగరములోని ప్రదర్శనశాలకు ఇచ్చివేయుదమని కొందఱును, ఏదేని గ్రామమున పాక వేయించి యుంచుదమని కొందఱును అనుచున్నారు. ఎచటికి అనుదానికంటె ముందు ఎట్లు అనునది విచారింపవలెనని నా యభిప్రాయము.

అమరసింహుడు వైశ్యవర్గమున నాగలికి లాంగలము, హలము, గోదారణము, సీరము అను పేర్లు చెప్పి అంతటితో ఊరకుండలేదు. ఏడికోలకు ఈష, కఱ్ఱునకు ఫాలము, కాడిచీలకు శమ్య, నాగటి చాలునకు సీత యని విడివిడిగా నామములు చెప్పెను. పిల్లలచే వల్లింపజేయు ఉపాధ్యాయులు ఈ భాగమును త్వరత్వరగా దాటింతురు, అది తగదు. ఆనాటి కొయ్యనాగలి ఏ శాలలోనున్నది? చెదలు తినినది, లేదా పొయ్యి చేరినది. అయినను దాని యవయవములు పేర్లుగా నిలిచియున్నవి. మన కాలమున ఇట్టి పనిని భద్రిరాజు కృష్ణమూర్తిగారు చేసిరి. ఆయన సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము వ్యవసాయమునకు సంబంధించినదే. రైతులనోటను, వడ్రంగులనోటను ఉన్న మాటలు ప్రాంతభేదములతో అందు కూర్పబడినవి. మన వసతిగృహమున ఆ గ్రంథము లేకుండుట చింతింపదగిన విషయము.

గొఱ్ఱు సంగతి చూడుడు. అడ్డుమ్రానికి పళ్లుండును, ప్రతి పంటికిని రంధ్రముండును. ఆ రంధ్రములనుండి వెదురుగొట్టములు పైకి లేచి జడ్డిగమను కొయ్యగిన్నెలో కలిసికొనును. విత్తువారు, తఱచుగా స్త్రీలు, పిడికిటినుండి గింజలను సమముగా జార్చుచుండగా అన్ని చాళ్లలోను ఒకేమారు విత్తనము పడును. పళ్లయెడమును కొలిచి తొలుచువాడు వడ్రంగి. తరువాత మొక్కల వరుసలనడుమ కలుపు తీయుటకు నడచు దంతె యలుగు వెడల్పు ఆ యెడమును బట్టియే యుండవలెను. వ్రేలంత యెక్కువైనను పైరు తెగును. కావున గొఱ్ఱును దానివెంట నడచు దంతెయు తోబుట్టువులు. బండి కెత్తునపుడు ఒకటి యొకచోటికిని రెండవది వేఱొకచోటికిని పోయెనా, మిగులునవి రెండు కట్టెలే.

ఇంగ్లండున జెత్రో టల్ తన విత్తు యంత్రమును 1701 ప్రాంతమున నిర్మించెను. ఆ శతాబ్దపు చివరి దశకమున కాప్టన్ థామస్ హాల్కాట్ అను ఆంగ్లేయుడు దక్షిణదేశమున గుఱ్ఱముపై పోవుచు ఒక పొలమున ఇట్టి సాధనమే పనిచేయుచుండుట కనుగొనెను. ఇది ఐరోపావారి నూతనకల్పన యని యాతడు తలచియుండెను. విచారింపగా, ఇచటివారు అనాదిగా వాడుచున్నదని తెలిసి, ఆ సంగతి లండనులోని వ్యవసాయమండలికి వ్రాసెను. ధరంపాల్‌గారు 1971లో ప్రకటించిన గ్రంథమువలన ఆ లేఖలు మరల మన కందినవి. లేఖ వ్రాసినందువలన హాల్కాట్ పేరు నిలిచినది. గొఱ్ఱును మొదట తొలిచిన వడ్రంగి పేరు లోకమున ఎవరికిని తెలియదు.

ఇక యంత్రములు ఇటు వచ్చిన కథ. 1863లో చెన్నపురి గవర్నరు సర్ విలియం డెనిసన్ ఇంగ్లండునుండి ఆవిరినాగళ్లను, విత్తు యంత్రములను, నూర్పిడి యంత్రములను తెప్పించెను. వాని పరీక్షకై సైదాపేటలో 1865లో ప్రయోగక్షేత్ర మేర్పడినది. 1876లో వ్యవసాయపాఠశాలయు వెలసినది. ధనమునకు, ఉత్సాహమునకు లోటులేదు. అయినను ఇచటి యెడ్ల బలము, రైతుకమతపు పరిమాణము, గ్రామపు కొలిమి, ఈ మూడింటితోను ఆ యంత్రములు పొసగలేదు. 1889లో ఈ దేశమునకు వచ్చిన వోల్కర్ పండితుడు 1893లో ప్రకటితమైన తన నివేదికలో కొయ్యనాగలిని వెక్కిరింపలేదు. అది తేలికయైనది, చవుకయైనది, ఊరి వడ్రంగిచేతనే బాగుపడునది యని గుర్తించెను. ఈ ఒక్క యంశమున ఆ దొర మన చదువుకొన్నవారికంటె నయము. సైదాపేట విద్యాలయము 1906లో కోయంబత్తూరునకు తరలినది. 1945లో బాపట్లయందు కళాశాల వెలయువఱకు తెలుగు విద్యార్థులు అంతదూరము పోవలసియుండెను.

నేల తోడు లేకుండ సాధనము వచ్చినచో ఏమగునో సైదాపేట చూపినది. ఎఱిగినవాని మాట తోడు లేకుండ సాధనము పోయినను ఫలమంతే.

చక్కగా తరలిన శాలయు కలదు. ఇంగ్లండున రీడింగ్ విశ్వవిద్యాలయమువారు 1951లో స్థాపించిన గ్రామీణజీవిత ప్రదర్శనశాల 2005లో అదే పట్టణమున వేఱొక భవనమునకు మారినది. అందు సీమ సీమకు ఆకారము మారు రైతుబండ్లు పెక్కులు కలవు. ఆ శాలలో పనిచేసిన జెరైంట్ జెంకిన్స్ అట్టి బండ్లనుగూర్చి, ఏ సీమలో ఏ కట్టడమో వివరించుచు, 1961లోనే పుస్తకము వెలువరించియుండెను. కదలుటకు నలువది నాలుగేండ్లు ముందే వ్రాత ముగిసినదన్నమాట.

మనకు అంత గ్రంథము పనిలేదు. రెండు నోటుపుస్తకములు, ఒక కొలబద్ద, ఇద్దఱు విద్యార్థులు చాలును. ఒక్కొక్క సాధనమునకు ఒక్కొక్క పుట: ఏ యూరినుండి వచ్చినది, ఏ కఱ్ఱతో చేయబడినది, నల్లరేగడికా ఎఱ్ఱనేలకా, పళ్లయెడ మెన్ని యంగుళములు, భాగముల పేర్లేవి, దానికి జతయైన దంతె ఏది. గొఱ్ఱు తొలిచి పళ్లు దిగవేయ నెఱిగిన వృద్ధులు మన తాలూకాలో వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే యున్నారు. వారిని ఆహ్వానించి, దారిబత్తెమిచ్చి, భోజనము పెట్టి, చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనవలెను. వారి మాటను సంస్కరించి గ్రాంథికముగా దిద్దరాదు. ఈ మాట సంస్కృతము చదివిన నేనే చెప్పుచున్నాను. చేసిన వడ్రంగి పేరు, కమ్మరి పేరు తెలిసినచో ఆ పుటలో మొట్టమొదట అదియే యుండవలెను.

ఈ పుస్తకము వెంటబోవునేని శాల నగరమునకు పోయినను నాకు సమ్మతమే. ప్రతి యొక్కటి సంఘమున నిలుపుకొందము. విప్పునపుడు మాత్రము ప్రతి పంటిమీదను, అది కూర్చుండు తొలిమీదను ఒకే యంకె వ్రాయనిదే సుత్తి ఎత్తరాదు. పడగొట్టుట సంక్రాంతి దాటిన తరువాతనట. కార్తికమున కోతలు ముమ్మరము కాకముందే వృద్ధులకు తీరిక యుండును గనుక ఆ మాసారంభముననే పని మొదలిడుటకు కార్యదర్శిగారి యనుమతిని, గదుల తాళపుచెవులను కోరుచున్నాను.