జిహ్వకొక రుచి: సూరతు చరిత్రలో పానీయములు

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి అని మన సామెత. ఒకనికి ప్రీతియైన కాకరకాయ వేరొకనికి గిట్టదు. ఉగాది పచ్చడిలోని వేపపువ్వును ఒకడు కోరి నమలును, మరియొకడు కన్నులు మూసుకొని మ్రింగును. ఇందులో వాదించుటకేమియు లేదని సామెత భావము. కాని చరిత్రకారునికి ఈ సమాధానము చాలదు. ఒక తరము ఛీ యని ఉమిసిన చేదును మరియొక తరము వెలయిచ్చి కొనుచున్నప్పుడు, తాతలు ముంతలతో త్రాగిన కల్లును మనుమలు ఒట్టు పెట్టుకొని విడిచినప్పుడు, ఆ మార్పు జిహ్వలో పుట్టినదా, లేక వెలుపలినుండి వచ్చి జిహ్వను లోబరచుకొన్నదా అని అతడు విచారింపవలసి యుండును. ఈ విచారణకు తాపీనది యొడ్డున నున్న సూరతు నగరముకంటె తగిన చోటు అరుదు. పెక్కు దేశముల పానీయములు ఆ రేవున దిగినవి. నేడు అదే నగరములో మద్యపానము చట్టముచే నిషిద్ధము.

ఆంగ్లేయులు 1612లో సువాలి రేవువద్ద పోర్చుగీసు నౌకలను ఎదిరించి నిలిచిరి. ఆ మరుసటి సంవత్సరము సూరతులో వారి వర్తకస్థానము స్థిరపడినది. 1615లో ఇంగ్లండు రాజదూత సర్ టామస్ రో సూరతులో దిగి, అజ్మీరులోని జహంగీరు కొలువునకు పోయెను. జహంగీరు పానప్రియుడని ఆయన స్వీయచరిత్రయే చెప్పుచున్నది. ఆయన ఒకనాడు రోను పిలిచి, దినమునకెన్ని మారులు త్రాగుదువు, ఏమి త్రాగుదువు అని అడిగి, బీరు అనగానేమి, దానినెట్లు చేయుదురు, ఇక్కడ చేయగలవా అని కూడ ప్రశ్నించినట్లు రో తన దినచర్యలో వ్రాసికొనెను. కొత్త రుచిని గూర్చిన కుతూహలము రెండు వైపులను ఉండెనన్నమాట.

రోకు మతాచార్యుడుగా 1616లో సూరతు చేరిన ఎడ్వర్డు టెర్రీ ఇక్కడి కల్లును మెచ్చుకొన్నాడు. సూర్యోదయమునకు ముందు దింపినది మితముగా త్రాగినచో హాయిగానుండి మేలు చేయునని, ఎండ తగిలిన పిమ్మట అదియే తలకెక్కి బాధించునని ఆయన వ్రాసెను. కల్లు గీయు ఊరిలో పుట్టిన వారెవరైనను ఈ మాటను కాదనరు. అయితే ఆ కాలపు సూరతు ఆంగ్లేయులందరును ఇట్లు కొత్తదానికి అలవాటుపడలేదు. టెర్రీ చెప్పిన టామస్ కోరియటు కథయే ఇందుకు సాక్ష్యము. కోరియటు అలెప్పోనుండి అజ్మీరువరకు కాలినడకను వచ్చిన యాత్రికుడు. దారిలోను ఇక్కడను తురకీ, పారసీ, హిందూస్తానీ నేర్చినవాడు. 1617 చివర ఆయన అతిసారముతో కృశించి సూరతు చేరెను. వర్తకస్థానమువారు ఇంగ్లండునుండి వచ్చిన స్పెయిను ద్రాక్షసారాయము తమయొద్ద నున్నదని చెప్పగా, ఆ పేరు వినుటతోనే ఆయన ఉప్పొంగి, తనకు కొంచెము ఇమ్మని వేడుకొన్నాడట. అది త్రాగిన పిదప వ్యాధి ముదిరి, ఆ డిసెంబరులోనే ఆయన మరణించెను. మూడు ఖండముల నేలను కాలితో కొలిచి, పరభాషలను తన నాలుకపై నిలుపుకొనిన మనిషిని అదే నాలుక చివరకు ఇంటివైపు లాగినది.

ఇంటి పానీయము దొరకని చోట వలసవచ్చినవారు ఉన్న వస్తువులతో కొత్తది కల్పించుకొందురు. సూరతు ఆంగ్లేయుల పంచ్ అట్టిది. సారాయి, నిమ్మరసము, పంచదార, నీరు, ఏదేనొక సుగంధద్రవ్యము అను ఐదింటి కలయిక గనుక హిందీ ‘పాంచ్’ నుండియే ఆ పేరు వచ్చినదని పలువురి అభిప్రాయము. 1638లో సూరతుకు వచ్చిన జర్మను యాత్రికుడు మాండెల్‌స్లో అక్కడి ఆంగ్లేయులు దీనిని త్రాగుటను వర్ణించెను. తెలుగువారికి ఆసక్తి కలిగించు విషయమొకటి కలదు. పంచ్ అను పేరు ఆంగ్లములో మొట్టమొదట కనబడునది 1632 నాటి ఒక లేఖలో. ఆ లేఖ చేరవలసిన వర్తకుడు ఉన్నది పెటపోలిలో, అనగా నేటి బాపట్ల జిల్లా నిజాంపట్టణములో. పడమటి తీరమునను తూర్పు తీరమునను గల వర్తకస్థానములు ఒకే గిన్నెనుండి త్రాగుచుండెనని దీనివలన తెలియుచున్నది. మాండెల్‌స్లో సూరతులో తేనీరును కూడ నిత్యము సేవించెను. ఇంగ్లండులో అప్పటికి తేయాకును ఎరిగినవారు బహు కొలది.

1689లో బయలుదేరి సూరతు చేరిన జాన్ ఓవింగ్టను వర్తకస్థానపు భోజనపు బల్లను చక్కగా చిత్రించెను. అక్కడ షీరాజు ద్రాక్షసారాయమునకును, సారాయితో చేసిన పంచ్‌కును లోటు లేదు. అయినను ఐరోపా ద్రాక్షసారాయములను, ఇంగ్లీషు బీరును అందరు మిక్కిలి ఆశించెడివారట. వెల హెచ్చైనను కొనెడివారట. కారణము ఆయనయే చెప్పెను: వాటితో తమ నాలుకకు పూర్వపరిచయమున్నదని. ఆ బీరు షీరాజుకంటె మేలైనదని గాని, ఎండకు తగినదని గాని ఆయన అనలేదు. రుచిని గూర్చి వ్రాసిన పెద్ద పెద్ద గ్రంథములకంటె ఈ ఒక్క మాటలో సత్యము హెచ్చుగా కలదు. ఇష్టమనునది చాలవరకు ఒక జ్ఞాపకము.

ఆ బీరులోని చేదు సంగతి ఆలోచింపదగినది. హాప్ అనునది చలిదేశపు తీగ. మొలకెత్తించిన యవలనుండి తీసిన తియ్యని కషాయములో దాని పూగుత్తులను వేసి కాచినచో చేదు దిగును. పూర్వము ఇంగ్లీషువారి ‘ఏల్’లో ఈ పువ్వు లేదు. పదిహేనవ శతాబ్దములో నెదర్లాండ్సునుండి హాపు వేసిన బీరు వచ్చినప్పుడు దానిని పరదేశపు పానీయముగా ఏవగించినవారు ఉండిరి. అయినను అది నిలిచినది. అందుకు ముఖ్యకారణము నిలువ. హాపులోని చేదుద్రవ్యములు, పాలను పెరుగుగా మార్చు జాతి సూక్ష్మజీవులను అణచి, బీరును త్వరగా పులిసిపోనీయవు. చెడిపోకుండుటకు వేసిన మందే కాలక్రమమున రుచి యని పేరు పొందినది. మన ఇండ్లలో ఊరగాయ ఉప్పును గూర్చియు ఇదే చెప్పవచ్చును.

సముద్రయానము ఈ చేదును హెచ్చించినది. లండనునుండి బయలుదేరిన ఓడ ఆఫ్రికాను చుట్టి, భూమధ్యరేఖను రెండు మారులు దాటి, ఇంచుమించు ఆరు నెలలకు ఇండియా చేరెడిది. వేడిదేశములకు పంపు బీరులో హాపును హెచ్చుగా వేయవలెనని 1760 ప్రాంతములనాటికే బీరు కాచువారికి సలహా ఉండెను. లండనులోని బో అనుచోట 1752లో వెలసిన హాడ్జ్‌సను బట్టీ ఓడలరేవునకు చేరువ. ఓడల నాయకులకు ఏడాదిపైబడిన గడువుతో అరువిచ్చి అది ఇండియా వ్యాపారమును చేజిక్కించుకొన్నది. ఈ బీరును హాడ్జ్‌సను ప్రత్యేకముగా ఇండియాకొరకే కనిపెట్టెనను కథ నేటికిని వినబడును గాని అది నిజము కాదు. ఊరిలో అమ్ముచుండిన పాత బీరే ఓడలోని వేడికి, ఊపునకు మాగి, కొత్త గుణము పొందినది. 1822లో బర్టను పట్టణపు ఆల్‌సప్ పోటీకి దిగెను. జిప్సము కలసిన బర్టను నీటిలో ఆ చేదు మరింత శుభ్రముగా తేలెను. కొలది యేండ్లలో ‘ఇండియా పేల్ ఏల్’ అను పేరు స్థిరపడినది. అది దొరల పానీయము. సామాన్య సిపాయి నల్లని పోర్టరు బీరు త్రాగెడివాడు.

అప్పటికి సూరతు వైభవము తగ్గినది. 1687లోనే కంపెనీవారి ముఖ్యస్థానము బొంబాయికి తరలినది. 1759లో సూరతు కోట, 1800లో నగరపాలనము వారి వశమైనవి. తాపీ నది మేటవేసినది. పేల్ ఏల్ పీపాలు బొంబాయిలో దిగుచుండ సూరతు ఒక జిల్లా కేంద్రముగా మిగిలినది. కాని రుచుల చరిత్ర అక్కడ ఆగలేదు. అది నగరమును విడిచి పల్లెలలోనికి, కొండలలోనికి పోయినది.

సూరతు జిల్లాలోని చౌధరీ, గామిత్, ధోడియా మొదలగు ఆదివాసులకు ఈతకల్లు, ఇప్పసారా తరతరాలనుండి వచ్చినవి. చెట్టు వారిది, పువ్వు అడవిది. పండుగకు, పెండ్లికి, చావునకు అది లేనిదే జరుగదు. 1878 నాటి బొంబాయి అబ్కారీ చట్టము ఈ స్థితిని మార్చివేసినది. చెట్టు గీచుటకు పన్ను కట్టవలెను, సారా ప్రభుత్వము ఒప్పిన బట్టీలోనే కాగవలెను, అమ్మకము గుత్తేదారుది. 1892లో ఇప్పపువ్వును నిలువచేయుటపై కూడ నిర్బంధము వచ్చినది. గుత్తేదారులలో పారసీ వర్తకులు హెచ్చు. అందు పలువురు అప్పులిచ్చువారును, భూస్వాములును అయిరి. నిన్న తన చెట్టునుండి దింపుకొన్నదానిని నేడు దుకాణములో అరువుపై త్రాగవలసివచ్చెను. అరువు అప్పైనది, అప్పు భూమిని మ్రింగినది. నాలుకకు రుచి మారలేదు. ఆ రుచి వెల మాత్రము మారినది.

1922 చివరి నెలలలో ఒక విచిత్రము జరిగినది. సలాబాయి అను దేవి తీరప్రాంతమునుండి కొండలమీదుగా వచ్చుచున్నదని వార్త పుట్టినది. ఊరూర జనము పందిళ్లక్రింద చేరిరి. పూనకము వచ్చినవారి నోట దేవి ఆజ్ఞలు వెలువడినవి: సారా మానుడు, కల్లు మానుడు, మాంసము మానుడు, నిత్యము స్నానము చేయుడు, పారసీల దుకాణమునకు గాని పనికి గాని పోకుడు. వేలకొలది జనము ఆ మాట శిరసావహించిరి. ఈ ఉద్యమమును చరిత్రకారుడు డేవిడ్ హార్డిమన్ ఊరూర తిరిగి పరిశోధించి 1987లో గ్రంథముగా ప్రకటించెను. నగరపు సంస్కర్తలు వచ్చి చెప్పకముందే ఆ జనము తమంత తాము నిశ్చయించుకొన్నారు. జాతీయ నాయకులు వారి వద్దకు వచ్చినది ఆ తరువాత.

అయితే అందరును ఒట్టు నిలుపుకొనలేదు. విడిచినవారు ‘వర్జేలా’ అని, మరల పట్టినవారు ‘సర్జేలా’ అని రెండు తెగలైరి. మరల త్రాగినవారిని బలహీనులని త్రోసివేయుట సులభము. కాని పితరులకు ధారపోసెడి కల్లును విడుచుట వారికి పితరులనే విడుచుటగా తోచియుండును. ఒకే గుడిసెలో అన్నదమ్ములు చెరియొక దారి పట్టినప్పుడు అక్కడ తెగవలసినది రుచిని గూర్చిన తగవు కాదు; ఎవరిగా బ్రతుకవలెననునదే అక్కడి ప్రశ్న. 1930లో ఉప్పు సత్యాగ్రహము దండివద్ద జరిగిన దినములలో ఆ ప్రాంతమున ఈతచెట్లను నరికివేయుట కూడ ఉద్యమములో భాగమైనది. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టముతో నిషేధము పూర్ణమైనది; 1960లో ఏర్పడిన గుజరాతు రాష్ట్రము దానిని నిలుపుకొన్నది. ఒట్టుగా పుట్టినది శాసనమైనది. ఒట్టును నిలుపునది మనస్సు, శాసనమును నిలుపునది పోలీసు. దొంగసారా ఈ రెంటి నడుమ సందులోనుండి వచ్చినది.

ఇంతలో ఓడపీపాల నాటి చేదు మరియొక ఖండములో తిరిగి పుట్టినది. తేలికైన, చప్పని బీరుతో విసిగిన అమెరికావారు చిన్న బట్టీలు పెట్టిరి. నారింజతొక్క వాసన గల కాస్కేడ్ జాతి హాపుతో 1975లో శాన్‌ఫ్రాన్సిస్కో యాంకర్ బట్టీ ‘లిబర్టీ ఏల్’ కాచెను. 1980లో సియెరా నెవాడా మొదలైనది. తరువాతి ఇరువది ముప్పది యేండ్లు ఎవరి బీరు ఎక్కువ చేదను పందెము సాగినది. చేదును అంకెలలో కొలిచి సీసాపై అచ్చువేసిరి. పిమ్మట అదే జనము ఆ చేదునుండి మరలి, వెర్మాంటులో పుట్టిన మబ్బువంటి మెత్తని బీరును కోరిరి. చేదు దిగుటకు హాపును చాలసేపు కాచవలెను. చల్లబడిన తరువాత వేసినచో చేదు స్వల్పము, పండ్ల వాసన అధికము. పువ్వు అదే, వేయు వేళ మారినది. 2009లో పూనాలో డూలాలీతో మనదేశమునకును చిన్న బట్టీలు వచ్చినవి. బెంగుళూరు, హైదరాబాదు నగరములలో అవి పెరిగినవి. హాపు ఇండియాలో హిమాచలప్రదేశపు లాహౌలు లోయలో పండును.

సూరతులో అట్టి బట్టీ పెట్టుటకు చట్టము ఒప్పదు. తెలంగాణపు తాటివనములను విడిచి ఆ నగరపు మగ్గములవద్దకు చేరిన తెలుగు నేతపనివారికి కల్లు అందనిదైనది. శీతకాలపు ఉదయములలో అక్కడ దొరకునది నీరా. టెర్రీ మెచ్చుకొన్న తెల్లవారుజాము చెట్టురసమునకు అది దగ్గరి చుట్టము. ఎండ ముదిరినచో కల్లగును గనుక పెందలకడనే త్రాగవలెను.

జిహ్వకొక రుచి యని సామెత చెప్పినది అబద్ధము కాదు. అయితే ఆ రుచిని కోరియటుకు ఇల్లు ఇచ్చినది, ఓవింగ్టనుకు పరిచయము ఇచ్చినది, పేల్ ఏల్ త్రాగిన దొరకు సముద్రము ఇచ్చినది. వారిలో ఎవరును తమ రుచిని తామే ఎన్నుకొనలేదు. చదువు లేనివారని, త్రాగుబోతులని లోకము తీసివేసిన సూరతు కొండజనము మాత్రము 1922లో ఒక రాత్రి పందిరిక్రింద కూర్చుండి, తమ నాలుకకు మిక్కిలి ప్రియమైనదేదో ఎరిగియే, దాని వెల లెక్కించి, వద్దనిరి.