సూపర్‌నోవా దొరకడం తేలికైంది, గుర్తుపట్టడమే కష్టం

1987 ఫిబ్రవరి 24న చిలీలోని లాస్ కంపానాస్ అబ్జర్వేటరీలో ఇయాన్ షెల్టన్ ఫొటోప్లేటు కడిగి చూస్తే, పెద్ద మెగెల్లానిక్ మేఘంలో అంతకుముందు లేని చుక్క కనిపించింది. నమ్మకం కుదరక ఆరుబయటికి వెళ్లి కంటితోనే చూసి నిర్ధారించుకున్నారు. ఆ ఏడాది దొరికిన మొదటి సూపర్‌నోవా కాబట్టి దానికి 1987ఏ అనే పేరు వచ్చింది.

2023 మే 19న జపాన్ ఔత్సాహిక పరిశీలకుడు కోయిచీ ఇతగాకి ఎం101 గెలాక్సీలో కనుగొన్న సూపర్‌నోవా పేరు 2023ఐఎక్స్ఎఫ్. ఈ పేర్లలో ముందు ఒక ఇంగ్లిష్ అక్షరం, అవి అయిపోతే రెండు, ఆపై మూడు అక్షరాలు వరుసగా వస్తాయి. ఆ లెక్కన ఇది ఆ ఏడాది పేరు పొందిన 6,714వ వస్తువు. అప్పటికి ఐదు నెలలైనా నిండలేదు.

ఈ వేలన్నీ సూపర్‌నోవాలు కావు. ఆకాశంలో కొత్తగా వెలిగి కొన్నాళ్లకు ఆరిపోయే వాటన్నిటినీ ట్రాన్సియెంట్లు అంటారు. ఇప్పుడు వాటిలో అత్యధిక భాగాన్ని పట్టేది రోబోటిక్ సర్వేలే. కాలిఫోర్నియాలోని పాలమార్ కొండపై 2018 నుంచి నడుస్తున్న జ్వికీ ట్రాన్సియెంట్ ఫెసిలిటీ (జడ్‌టీఎఫ్) వాటిలో పేరున్నది. దాని నిర్మాణానికి నాయకత్వం వహించినవారు భారతదేశంలో పుట్టి పెరిగిన శ్రీనివాస్ కులకర్ణి. టెలిస్కోపు అద్దం 1.2 మీటర్లే, కానీ కెమెరా ఒక్క ఫొటోలో 47 చదరపు డిగ్రీల ఆకాశాన్ని పడుతుంది. అంటే రెండు వందలకు పైగా పూర్ణచంద్రులు పట్టేంత చోటు. కంప్యూటరు కొత్త ఫొటోలోంచి అదే చోటి పాత ఫొటోను తీసేస్తుంది. మారనివన్నీ చెరిగిపోయి, మారినవే మిగులుతాయి. వాటిలోనూ గ్రహశకలాలు, కెమెరా లోపాలు, వెలుగు హెచ్చుతగ్గులయ్యే మామూలు నక్షత్రాలు బోలెడు. వాటిని ఏరేయడం మెషీన్ లెర్నింగ్ పని.

ఇంత చేసినా చేతికొచ్చేది ఒక చుక్క మాత్రమే. అదేమిటో తేల్చాలంటే దాని వెలుగును రంగులుగా విడదీసి వర్ణపటం తీయాలి. హైడ్రోజన్ గుర్తులుంటే భారీ నక్షత్రం కుప్పకూలి పేలిందని అర్థం. హైడ్రోజన్ లేకుండా సిలికాన్ గీత బలంగా కనిపిస్తే అది టైప్ 1ఏ, అంటే శ్వేతకుబ్జ నక్షత్రం పేలుడు. విశ్వ విస్తరణ వేగం పుంజుకుంటోందని 1998లో తేలింది ఈ రెండో రకంతోనే. ఈ జాబితాలో వేరే రకాలు కలిస్తే దూరాల లెక్కే తప్పుతుంది.

చిక్కేమిటంటే ఫొటో ఒకేసారి వేల వస్తువులను పడుతుంది, వర్ణపటం సాధారణంగా ఒక్కొక్కదానికి విడిగా తీయాలి. జడ్‌టీఎఫ్ కోసం పాలమార్‌లోనే మరో టెలిస్కోపుకు ఈ పని అప్పగించారు. 2024 చివరికి వర్గీకరించిన సూపర్‌నోవాలు పది వేలు దాటాయి. పైగా ఆలస్యం పనికిరాదు. 2023ఐఎక్స్ఎఫ్ తొలి వర్ణపటాల్లో, నక్షత్రం పేలడానికి కొంతకాలం ముందు వదిలిన దట్టమైన వాయువు జాడలు కనిపించాయి. కొన్ని రోజుల్లోనే అవి మాయమయ్యాయి. వారం ఆగి చూసినవారికి ఆ సంగతే తెలిసేది కాదు.

భారత్‌కు పని పడేది ఇక్కడే. పాలమార్‌లో తెల్లవారే వేళకు లద్దాఖ్‌లోని హాన్లేలో చీకటి పడుతుంది. 4,500 మీటర్ల ఎత్తున ఉన్న ఆ చోట రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును బెంగళూరు దగ్గర హోసకోటె నుంచి ఉపగ్రహ లింకు ద్వారా నడుపుతారు. పక్కనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, ఐఐటీ బాంబే కలిసి పెట్టిన 0.7 మీటర్ల గ్రోత్-ఇండియా ఉంది. ఇది దేశంలో తొలి పూర్తిస్థాయి రోబోటిక్ టెలిస్కోపు. 2023ఐఎక్స్ఎఫ్‌ను ఈ రెండూ, అంతరిక్షం నుంచి ఆస్ట్రోశాట్ కూడా వెంటాడాయి. అంతకు ఏడాది ముందు జడ్‌టీఎఫ్ పట్టిన ఏటీ2022సీఎంసీ విషయంలోనూ గ్రోత్-ఇండియా పాలుపంచుకుంది. అది సూపర్‌నోవా కాదు, దాదాపు 850 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో బ్లాక్‌హోల్ ఒక నక్షత్రాన్ని చీల్చి మింగిన ఘటన.

చిలీలోని వెరా రూబిన్ అబ్జర్వేటరీ 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసింది. దాని అద్దం 8.4 మీటర్లు, కెమెరా 3,200 మెగాపిక్సెళ్లు. పూర్తిస్థాయిలో రాత్రికి కోటి దాకా అలర్టులు వస్తాయని అంచనా. వాటిలో చాలామటుకు వర్ణపటానికి అందనంత మసక చుక్కలు. వాటి రకాన్ని వెలుగు పెరిగి తరిగే తీరును బట్టే ఊహించాలి. ఆ ఊహ నేర్పడానికి కావలసిన నమూనాలు, వర్ణపటంతో తేల్చిన ఆ పది వేల లాంటివే.