ప్రతిసారీ ‘తొలి మహిళ’యేనా?

1965 మే 14 నాటి ‘లైఫ్’ పత్రిక ముఖచిత్రం మీద ఒక అమ్మాయి ఉంది. నాలుగు చక్రాల చెక్కపలక మీద రెండు చేతులూ ఆనించి, చెప్పుల్లేని పాదాలు ఆకాశంలోకి చాపి, తలకిందులుగా సాగిపోతోంది. ఆమె పేరు పాటీ మెగీ. వయసు 19. అప్పటికే అమెరికా జాతీయ స్కేట్‌బోర్డ్ పోటీల్లో మహిళల విజేత. ఒక కంపెనీ జీతమిచ్చి ఊరూరా ప్రదర్శనలకు పంపిన క్రీడాకారిణి. అందుకే ఆమెను స్కేట్‌బోర్డింగ్‌లో తొలి వృత్తి క్రీడాకారిణి అంటారు.

1998లో ఎలిస్సా స్టీమర్ అనే మరో అమెరికన్ అమ్మాయి పేరుతో ‘టాయ్ మెషీన్’ కంపెనీ బోర్డు తెచ్చింది. ఆమెనూ తొలి మహిళా ప్రొఫెషనల్ అనే పరిచయం చేస్తూ వచ్చారు. ఈ ఇద్దరి మధ్యలో, 1970లలో, లారా థార్న్‌హిల్ పేరుతో ‘లోగన్ ఎర్త్ స్కీ’ కంపెనీ బోర్డు అమ్మింది. మరి ఆమె ఎన్నవది?

ముప్ఫై మూడేళ్ళ తేడాతో ఇద్దరు ‘తొలి’ స్త్రీలు ఉన్నారంటే, మధ్యలో ఏదో చెరిగిపోయిందన్నమాట. ఈ లెక్క మనకు కొత్తది కాదు. 1902లో భండారు అచ్చమాంబ ‘ధన త్రయోదశి’ రాసినా, 1910 నాటి ‘దిద్దుబాటు’నే తొలి తెలుగు కథగా ఎన్ని దశాబ్దాలు చదువుకున్నాం! స్త్రీలు చేసిన పని కళ్ళముందే ఉన్నా వరసలోకి రాదు. ‘తొలి మహిళ’ అన్న బిరుదు గౌరవంలా కనిపిస్తుంది. కానీ ఆమె వెనక ఎవరూ లేరని చెప్పే మాట కూడా అదే. ఒక ఆట చరిత్రలో ఈ చెరిపివేత ఎలా జరిగిందో చూడటం, మన చరిత్రను మనం చదువుకోవడానికీ పనికొస్తుంది.

మొదటి చెరిపివేత ఆ 1965లోనే మొదలైంది. అప్పటి చక్రాలు మట్టివి. చిన్న రాయి తగిలినా ఆగిపోయేవి, మనిషి ఎగిరి పడేవాడు. దెబ్బలు పెరిగాయి, చాలా నగరాలు వీధుల్లో ఆటను నిషేధించాయి, వ్యాపారం కుప్పకూలింది. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్దీ యురేథేన్ చక్రాలు తెచ్చాక ఆట మళ్ళీ లేచింది. ఆ కెరటం మీద ఆడపిల్లలూ వచ్చారు.

1975లో కాలిఫోర్నియాలోని డెల్‌మార్‌లో జరిగిన పోటీలు ఈ ఆట పురాణంలో పెద్ద ఘట్టం. అక్కడికి వచ్చిన జెఫైర్ జట్టులో ఒకే ఒక అమ్మాయి పెగీ ఓకీ. మహిళల ఫ్రీస్టైల్‌లో ఆమె గెలిచింది. ఆమె మగపిల్లల్లా ఆడుతోందని తోటి పోటీదారులు అభ్యంతరం చెప్పారు. ఆడపిల్లల్లా ఆడటమంటే ఏమిటి? నాట్యంలా, సుతిమెత్తగా, నిటారుగా. ఆమె మోకాళ్ళు వంచి, నేలకు దాదాపు ఆనుకుని, కెరటం మీద జారినట్టు ఆడింది. జట్టంతా ఆడింది అలాగే. ఆ శైలి మగపిల్లలకు కీర్తి తెచ్చింది, ఆమెకు అభ్యంతరం తెచ్చింది. తర్వాత ఆ జట్టుకు లోకంలో స్థిరపడిన పేరేమిటో తెలుసా? ‘జెడ్-బాయ్స్’. 2001లో వాళ్ళ మీద వచ్చిన డాక్యుమెంటరీ పేరులోనూ అదే మాట. జట్టులో ఉన్న అమ్మాయిని జట్టు పేరే మింగేసింది.

1970ల చివర్లో ఆటంతా కాంక్రీటు పార్కుల్లో నడిచేది. టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళితే చాలు. అమ్మాయిలకు అదొక రక్షణ ఉన్న చోటు. బీమా ఖర్చులు భరించలేక 1980 ప్రాంతాల్లో ఆ పార్కులు వరసగా మూతపడ్డాయి. ఆట ఇళ్ళ పెరళ్ళలో కట్టుకున్న ర్యాంపుల మీదికి, వీధుల్లోకి, మెట్ల మీదికి, రాత్రిళ్ళు నిర్మానుష్యమైన పార్కింగ్ స్థలాల్లోకి మారింది. ఇది తిరుగుబాటు సంస్కృతి అని మగపిల్లలు గర్వపడ్డారు. నిజమే, పోలీసులు తరిమితే పరిగెత్తడంలో తిరుగుబాటు ఉంది. కానీ రాత్రి పదింటికి వీధిలో ఉండటమే తిరుగుబాటైన అమ్మాయికి ఆ వీధి ఎంత దూరం! అమ్మాయిలకు ఆసక్తి తగ్గిందని చెప్పే చరిత్ర, ఆట జరిగే చోటు మారిందన్న సంగతిని పక్కన పెడుతుంది. స్థలం మారితే ఆట ఎవరిదో కూడా మారుతుంది.

చోటు పోయాక బొమ్మ కూడా పోయింది. 1981లో మొదలైన ‘థ్రాషర్’ పత్రిక ఈ లోకానికి అధికార వాణి లాంటిది. దాని ముఖచిత్రం మీదికి ఒక స్త్రీ రావడానికి 1989 దాకా పట్టింది. ఆమె కారా-బెత్ బర్న్‌సైడ్. తర్వాత 1994లో జైమీ రేయస్. ఆ తర్వాత 2017లో లిజీ అర్మాంటో. నెలనెలా వచ్చే పత్రికలో ఇరవై మూడేళ్ళ ఖాళీ! ఆ ఖాళీలో పెరిగిన అమ్మాయికి తన ముందు ఎవరైనా ఉన్నారని ఎలా తెలుస్తుంది?

డబ్బు సంగతి మరీ సూటిగా ఉంటుంది. 2005 ఎక్స్ గేమ్స్‌లో మగ విజేతకు 50,000 డాలర్లు, మహిళా విజేతకు 2,000 డాలర్లు. ఆ ఏడాది బర్న్‌సైడ్, మిమీ నూప్ తదితరులు తాము ఆడబోమని హెచ్చరించారు. యాక్షన్ స్పోర్ట్స్ అలయన్స్ పేరుతో సంఘం పెట్టుకున్నారు. అడిగింది డబ్బు ఒక్కటే కాదు, టీవీలో చోటు కూడా. తెరమీద కనిపించని ఆటకు స్పాన్సర్ రాడు, స్పాన్సర్ లేని ఆటకు ఆదరణ లేదంటారు, ఆదరణ లేదు కనక తెరమీద చూపించమంటారు. ఈ గిరగిరా తిరిగే తర్కాన్ని వాళ్ళు సంఘంగా నిలబడి పట్టుకున్నారు. 2008లో నిర్వాహకులు సమాన బహుమతికి ఒప్పుకున్నారు. వింబుల్డన్‌లో సమాన బహుమతి వచ్చింది అంతకు ముందు ఏడాదే. ‘తొలి మహిళ’ ఒంటరిగా సాధించలేనిది సంఘం మూడేళ్ళలో సాధించింది.

సరిగ్గా ఆ కాలంలోనే ఈ పలక కాబూల్ చేరింది. 2007లో ఆస్ట్రేలియన్ ఆలివర్ పెర్కోవిచ్ అక్కడి వీధుల్లో పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు. 2009లో ‘స్కేటిస్తాన్’ బడి తెరుచుకుంది. అక్కడ ఆడపిల్లలు సైకిలు తొక్కడాన్ని ఒప్పుకోరు. కానీ స్కేట్‌బోర్డు అంటే ఎవరికీ తెలియదు, కనక దాన్ని ఎవరూ నిషేధించలేదు! పితృస్వామ్యం పేరు పెట్టడం మరిచిపోయిన ఆ చిన్న సందులోంచి ఆడపిల్లలు దూసుకొచ్చారు. వాళ్ళకు వేరే రోజులు, స్త్రీ ఉపాధ్యాయులు, ఇంటి నుంచి తీసుకొచ్చే వాహనం ఏర్పాటు చేశారు. పిల్లల్లో సుమారు 40 శాతం అమ్మాయిలే. కాలిఫోర్నియాలో పార్కులతో పాటు పోయినదాన్నే ఇక్కడ బుద్ధిపూర్వకంగా కట్టారు. 2021 ఆగస్టులో తాలిబన్లు వచ్చాక ఆ తలుపులూ మూతపడ్డాయి. ఆసక్తి లేక కాదని ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు.

మన దేశంలో 2015లో మధ్యప్రదేశ్ పన్నా జిల్లా జన్వార్ గ్రామంలో ఒక జర్మన్ మహిళ చొరవతో పార్కు వచ్చింది. బోర్డు ముందు ఆడపిల్లకు ఇవ్వాలన్నది అక్కడి నియమం. ఆ ఊరి ఆదివాసీ అమ్మాయి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో ప్రపంచ పోటీలకు వెళ్ళింది. మహాబలిపురంలో కమలి అనే పాప గౌను వేసుకుని చెప్పుల్లేకుండా ర్యాంపు దిగే ఫొటో ప్రపంచమంతా తిరిగింది. 2019లో ఆమె మీద వచ్చిన లఘుచిత్రంలో నన్ను పట్టుకున్నది ఆ పాప కంటే ఆమె తల్లి. పెళ్ళిలోంచి బయటకు వచ్చి, సముద్రతీరాన తినుబండారాలు అమ్ముతూ బిడ్డను పెంచిన స్త్రీ. 1965లో పాటీ మెగీ చెప్పుల్లేని పాదాలు సముద్రతీర యవ్వనానికి గుర్తు అయ్యాయి. కమలి చెప్పుల్లేని పాదాలు పేదరికానికి గుర్తు అయ్యాయి. చూసే కన్ను ఎక్కడిదన్న ప్రశ్న అందుకే వేసుకోవాలి. మన అమ్మాయిల కథల్లో ప్రతిసారీ ఒక విదేశీ అతిథి బోర్డు పట్టుకుని వస్తే తప్ప కథ మొదలుకాదా? బెంగళూరు అమ్మాయి అతితా వర్గీస్ తానే ఆడి, ‘గర్ల్ స్కేట్ ఇండియా’ పెట్టి, మిగతా అమ్మాయిలను కూడగట్టింది. పత్రికలు ఆమెకూ అదే బిరుదు తగిలించాయి. భారతదేశపు తొలి మహిళా ప్రొఫెషనల్!

మన భాషలో ‘కాలు జారింది’ అంటే మగవాడి విషయంలో వేరు, స్త్రీ విషయంలో వేరు. మగవాడు జారితే లేచి దులుపుకుంటాడు. స్త్రీ జారితే కుటుంబం పరువు జారుతుంది. ‘జాగ్రత్త, పడతావ్’ అన్న మాట వింటూ పెరుగుతాం. ఈ ఆటలో పడకుండా నేర్చుకోవడం అసాధ్యం. వంద సార్లు జారితే ఒకసారి నిలుస్తారు, అదీ నలుగురూ చూస్తుండగా. నలుగురిలో పడి, దులుపుకుని, మళ్ళీ ఎక్కే హక్కు చిన్నదేమీ కాదు. ఆ హక్కు కోసమే ఇంత చరిత్ర.

ఆ హక్కు ఎలా ఉంటుందో 2021 ఆగస్టు 4న టోక్యోలో కనిపించింది. ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్‌కు అదే మొదటిసారి. స్త్రీలకూ పురుషులకూ సమాన స్థానాలు, చెరి నలభై. మహిళల పార్కు పోటీలో 15 ఏళ్ళ మిసుగు ఒకమోటో చివరి ప్రయత్నంలో పడిపోయింది, పతకం పోయింది. కన్నీళ్ళతో వస్తున్న ఆమెను తోటి పోటీదారులు ఎదురెళ్ళి భుజాలకెత్తుకున్నారు. 1975లో పెగీ ఓకీ గెలుపు మీద అభ్యంతరం చెప్పిన చోటు నుంచి, పడిపోయిన అమ్మాయిని ఎత్తుకున్న చోటు దాకా! స్వర్ణం 19 ఏళ్ళ సకురా యోసోజుమిది. రజతం 12 ఏళ్ళ కొకోనా హిరాకిది. అంతకు ముందు స్ట్రీట్ పోటీలో 13 ఏళ్ళ మోమిజి నిషియా గెలిస్తే, 34 ఏళ్ళ వాస్తుశిల్పి అలెక్సిస్ సబ్లోన్ నాలుగో స్థానంలో నిలిచింది. కెమెరాలన్నీ చిన్నపిల్లల మీదే ఉన్నాయి. ఆ నాలుగో స్థానం కూడా నాకు ముఖ్యమే. ఖాళీ ఏళ్ళను దాటుకుని వచ్చిన ఆమె లాంటి వాళ్ళు లేకపోతే ఆ పిల్లలు నిలబడిన నేల ఎక్కడిది?

పాటీ మెగీ 2010లో స్కేట్‌బోర్డింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. అక్కడా తొలి మహిళే! 2024 అక్టోబరులో ఆమె చనిపోయింది. ఇకముందు ఏ అమ్మాయి ఈ పలక ఎక్కినా ఆమెను తొలి అనడానికి తొందరపడకుండా, ఆమె ఎన్నవదో లెక్కపెడదాం. లెక్కపెట్టాలంటే ముందున్న వాళ్ళ పేర్లన్నీ రాసుకోవాలి. ఆ పని మనది.