కిన్వట్ కోసం రాజీనామా చేసిందెవరు? 1956 సరిహద్దు, కేంద్ర మంత్రివర్గం పనితీరు

1956 రాష్ట్రాల పునర్విభజన గురించి రాసిన పండితులతో నాకొక పేచీ ఉంది. మరాఠీ వైపు వారు బొంబాయి నగరం దగ్గర ఆగిపోతారు. తెలుగు వైపు వారు విశాలాంధ్ర, ముల్కీ, పెద్దమనుషుల ఒప్పందం దాటి రారు. ఈ రెండు కథల సందులో ఆదిలాబాద్ జిల్లా నుంచి పెద్ద ముక్కే చేతులు మారింది. కిన్వట్ తాలూకా, రాజురా తాలూకా, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ ఆ ఏడాది నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం నుంచి బొంబాయి రాష్ట్రానికి పోయాయి. కిన్వట్‌తో పాటు మాహూర్ కూడా పోయింది. దీని మీద ఒక పేరా రాసినవారు కూడా అరుదు.

మాహూర్ చిన్న ఊరు కదా అని తీసిపారేయడానికి లేదు. బహమనీల కాలంలో మహమూద్ గవాన్ బీరారును రెండు తరఫులుగా విడగొట్టినప్పుడు ఒకదానికి ఈ ఊరి పేరే పెట్టారు. అక్బర్ కాలానికి అది బీరారు సుబాలో ఒక సర్కారు. నిజాం పాలనలో ఆదిలాబాద్ జిల్లాలోకి వచ్చింది. రేణుకాదేవి గుడికి, దత్తాత్రేయుడి కొండకు, అనసూయమ్మ సన్నిధికి మన జిల్లాల నుంచి జనం వెళ్లడం ఎన్నడూ ఆగలేదు. కిన్వట్, మాహూర్ బజార్లలో తెలుగు వింటూ, వయసు మళ్లినవారు తమ ఊళ్లను ఇప్పటికీ ఆదిలాబాద్ లెక్కలోనే చెప్పుకోవడం గమనించినప్పుడు నాకొక అనుమానం మొదలైంది. ఈ గీతను ఎవరు గీశారు? ముఖ్యంగా, కేంద్ర మంత్రివర్గం దీన్ని ఎప్పుడైనా కూర్చుని మాట్లాడిందా?

కాగితాలను వరుసలో పెట్టి చూద్దాం. ఫజల్ అలీ, హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ సభ్యులుగా ఉన్న రాష్ట్రాల పునర్విభజన కమిషన్ 1955 సెప్టెంబర్ 30న నివేదిక ఇచ్చింది. మిగిలే హైదరాబాద్ రాష్ట్రంలో ఏ జిల్లాలుండాలో అందులో పేరుపేరునా రాశారు. మహబూబ్‌నగర్, నల్లగొండ, వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, హైదరాబాద్, మెదక్, బీదర్‌లతో పాటు ఆదిలాబాద్ కూడా ఆ జాబితాలో ఉంది. ఏ తాలూకానూ మినహాయించలేదు. జిల్లాను వీలైనంతవరకు చీల్చకుండా ఉంచాలన్నది కమిషన్ మొగ్గు. అంటే కమిషన్ లెక్కలో మాహూర్ తెలంగాణలోనే ఉంది.

పదకొండు నెలల తర్వాత, 1956 ఆగస్టు 31న, రాష్ట్రపతి ఆమోదం పొందిన పునర్విభజన చట్టం తెరవండి. ఎనిమిదో సెక్షన్‌లో కొత్త బొంబాయి రాష్ట్రంలో చేరే ప్రాంతాలను చెబుతూ కిన్వట్, రాజురా తాలూకాలను, ఇస్లాపూర్ సర్కిల్‌ను పేరు పెట్టి చేర్చారు. అదే సెక్షన్ నాందేడ్ జిల్లా నుంచి దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లను మినహాయించింది. ఇవి తెలుగు వైపు వచ్చాయి. ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. జిల్లా కొలతతో మొదలైన పని రెవెన్యూ సర్కిల్ దాకా దిగింది. బాసర ఉన్న ముధోల్ ఇటొచ్చింది, మాహూర్ అటు పోయింది. ఒక సరస్వతిని ఇచ్చి ఒక రేణుకను పుచ్చుకున్నారని భక్తులు అనుకుంటే వారిని తప్పుపట్టలేం. నివేదికలో లేని ఇంత సూక్ష్మమైన మార్పు చట్టంలోకి ఎక్కడో ఒకచోట వచ్చి చేరాలి. మంత్రివర్గం పనితీరు గురించి మన పాఠ్యపుస్తకాలు చెప్పేదంతా ఆ 'ఎక్కడో' దగ్గరే పరీక్షకు నిలబడాలి.

మన పాఠ్యపుస్తకాలు చెప్పేది ఏమిటి? పైపైన చూస్తే బాజిహాట్. లోపల చూస్తే బ్రిటిష్ రాజకీయ రచయిత రిచర్డ్ క్రాస్‌మన్. ఇంగ్లిష్ రాజ్యాంగం మీద బాజిహాట్ రాసిన పుస్తకానికి 1963లో రాసిన పీఠికలో, మంత్రివర్గ ప్రభుత్వం పోయి ప్రధానమంత్రి ప్రభుత్వం వచ్చిందని క్రాస్‌మన్ వాదించాడు. ఆ వాదన మన దగ్గరికి వచ్చేసరికి దానికి సాక్ష్యంగా సి.డి. దేశ్‌ముఖ్ రాజీనామాను అతికించారు. కథ అందరికీ తెలిసిందే. 1956 జనవరి 16న బొంబాయి నగరం కేంద్రపాలనలో ఉంటుందని నెహ్రూ రేడియోలో చెప్పారు. ఆర్థికమంత్రి దేశ్‌ముఖ్ అప్పుడే రాజీనామాకు సిద్ధపడ్డారు. జూన్‌లో ప్రధాని బొంబాయిలోనే మరో ప్రకటన చేశారు. జూలై 25న దేశ్‌ముఖ్ లోక్‌సభలో నిలబడి, మంత్రివర్గంలో చర్చ లేకుండానే ప్రధాని ఇంత పెద్ద విషయాన్ని బయటపెట్టారని ఆక్షేపించారు. ప్రభుత్వ విధానాన్ని ప్రకటించే అధికారం ప్రధానికి ఉందన్నది నెహ్రూ జవాబు. క్రాస్‌మన్ శిష్యులకు ఇంతకంటే ఏం కావాలి? ప్రధాని చెప్పాడు, మంత్రి పోయాడు, సిద్ధాంతం నిలబడింది.

నాకు ఈ చదువు సగం చదువుగా కనిపిస్తుంది. కారణం అదే సంవత్సరం ఆగస్టులో ఉంది. ప్రధాని రేడియోలో చెప్పిన ఏర్పాటు అమలే కాలేదు. పార్టీల గీతలు దాటి పార్లమెంటు సభ్యులు సంతకాలు పెట్టి ద్విభాషా బొంబాయి రాష్ట్రం కావాలన్నారు. హోంమంత్రి గోవింద వల్లభ్ పంత్ నడిపిస్తున్న బిల్లులోకి ఆ ప్రతిపాదన చేరింది, మంత్రివర్గం తలూపింది. బొంబాయి నగరం కేంద్రపాలనలోకి వెళ్లలేదు. ప్రధాని ఒక్కడిదే రాజ్యమైతే ఆయన మాట ఏడు నెలలు కూడా ఎందుకు నిలవలేదు? క్రాస్‌మన్ వాదులు దేశ్‌ముఖ్‌ను పట్టుకుని ఆగస్టును వదిలేశారు.

వారు వదిలేసిన ఇంకొక పేరు యు.ఎన్. ధేబర్. కమిషన్ నివేదిక మీద ఏం చేయాలో తేల్చడానికి కాంగ్రెస్ కార్యవర్గం వేసిన ఉపసంఘంలో నెహ్రూ, మౌలానా ఆజాద్, పంత్‌లతో పాటు ధేబర్ ఉన్నారు. ఆయన కాంగ్రెస్ అధ్యక్షుడు, మంత్రి కాడు. మంత్రివర్గ రహస్యప్రమాణం చేసినవారు ముగ్గురు, చేయనివారు ఒకరు. దేశంలోని ముఖ్యమంత్రులు, పీసీసీ నాయకులు ఢిల్లీ వచ్చి విన్నపాలు చెప్పుకున్నది ఆ నలుగురికే. దేశ్‌ముఖ్ మంత్రివర్గంలో ఎంత పెద్దవాడైనా ఆ నలుగురిలో లేరు. ఆయన ఫిర్యాదును ప్రధాని నిరంకుశత్వం మీద ఫిర్యాదుగా చదివారు. చిన్న ఉపసంఘం మంత్రివర్గం ముందున్న బల్లను ఖాళీ చేసి వెళ్లిపోయిందన్న ఫిర్యాదుగా దాన్ని చదివితే లోక్‌సభ ప్రసంగం మరింత బాగా అర్థమవుతుంది.

అసలు ప్రశ్న దగ్గరికి వద్దాం. దేశంలో అతిపెద్ద వాణిజ్య నగరం విషయంలోనే మంత్రివర్గంలో సరైన చర్చ జరగలేదని స్వయంగా ఆర్థికమంత్రి సభలో అన్నారు. మరి కిన్వట్ తాలూకా మీద చర్చ జరిగి ఉంటుందా? ఊళ్లో పెద్ద చేను కోసం పంచాయితీ పెట్టినవాళ్లు గట్టు సంగతి పట్వారీకి వదిలేస్తారు. ఇదీ అంతే. సర్కిల్ స్థాయి గీతలు హోంశాఖ ముసాయిదాలోనో రాష్ట్ర నాయకుల మధ్య మాటల్లోనో కుదిరి, బిల్లులో భాగంగా మంత్రివర్గం ముందుకు ఒక్క మూటగా వెళ్లి ఉంటాయి. మూట విప్పి కిన్వట్‌ను బయటికి తీసి చూడవలసిన అవసరం ఏ మంత్రికీ ఉండదు. అక్కడ మరాఠీ మాట్లాడేవారు గణనీయంగా ఉన్నారనీ, బిల్లు సంయుక్త సెలెక్ట్ కమిటీ చేతిలోంచి వెళ్లిందనీ అనేవారున్నారు, అదీ నిజమే.

రాజ్యాంగం 75వ అధికరణం ప్రకారం మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది. ఈ సమష్టి బాధ్యతను అందరూ కలిసి చర్చించి అందరూ కలిసి సమర్థించడంగా మన పుస్తకాలు బోధిస్తాయి. 1956లో కనిపించేది వేరు. మంత్రులు తాము చర్చించిన దానికి బాధ్యత వహించడం తేలిక. తాము చర్చించని దానికి కూడా బాధ్యత వహించడమే ఆ వ్యవస్థను నడిపే ఇరుసు. చర్చించని దానికి బాధ్యత వద్దన్నందుకే దేశ్‌ముఖ్ బయటికి వెళ్లారు. కిన్వట్ విషయంలో బయటికి వెళ్లినవారు ఒక్కరూ లేరు, వెళ్లాలని ఎవరికీ తట్టలేదు. మంత్రివర్గ పాలన బలమంతా ఆ తట్టకపోవడంలోనే ఉంది. హైదరాబాద్‌లో బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గం కూడా అప్పటికి తెలుగు, మరాఠీ, కన్నడ నాయకులతో కూడినదే. హోంమంత్రిగా పనిచేసిన దిగంబరరావు బిందు మరాఠ్వాడా నాయకుడు. ఎవరి వాటా వారు తీసుకుని విడిపోబోతున్న ఇంట్లో ఒక తాలూకా కోసం పోట్లాట పెట్టుకునేవారు లేరు. పైగా రాజ్యాంగ ఐదో సవరణ 1955 డిసెంబర్‌లోనే వచ్చింది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం చెప్పడానికి రాష్ట్రపతి గడువు విధించవచ్చు, గడువు దాటితే బిల్లు ముందుకు సాగుతుంది. ఆ సవరణ వచ్చాక కేంద్ర మంత్రివర్గానికి తొందర ఉంటే రాష్ట్రం ఆపలేదు.

ఉపసంఘం ముందు, మంత్రివర్గం తర్వాత అన్న ఈ వరుస నెహ్రూ కాలంతో పోలేదు. తెలంగాణ విషయంలో 2013 జూలై 30న కాంగ్రెస్ కార్యవర్గం తీర్మానం చేసింది. కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది అక్టోబర్ 3న. మధ్యలోని రెండు నెలలు మంత్రివర్గానికి చెందినవి కావు. పోలవరం ముంపు మండలాల కథ ఇంకా పొట్టిది. కొత్త ప్రభుత్వం వచ్చిన వారం తిరక్కుండా, 2014 మే 29న, ఆర్డినెన్స్‌తో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. కిన్వట్‌కు పునర్విభజన చట్టంలోనే చోటు దొరికింది, ఈ మండలాలకు ఆ చట్టాన్ని సవరించే ఆర్డినెన్సే దిక్కయింది.

1975లో వరుస మరీ తలకిందులైంది. జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటన మీద రాష్ట్రపతి సంతకం పెట్టారు, మంత్రివర్గం మర్నాడు పొద్దున ఆరింటికి సమావేశమై ఔనంది. 44వ సవరణ వచ్చి 352వ అధికరణంలో మంత్రివర్గ నిర్ణయం లిఖితపూర్వకంగా ఉండాలని చేర్చింది. రాజ్యాంగం మొత్తంలో 'కేబినెట్' అన్న మాట కనిపించేది అక్కడొక్కచోటే. 2019 నవంబర్ 23 తెల్లవారుజామున మహారాష్ట్రలో రాష్ట్రపతి పాలన ఎత్తేసినప్పుడు కార్యనిర్వహణ నియమాల్లోని పన్నెండో నియమం వాడారు. మంత్రివర్గం కూర్చోకుండానే ప్రధాని అనుమతితో పని జరిగిపోవచ్చు, ఆమోదం తర్వాత తీసుకోవచ్చు. క్రాస్‌మన్ వాదులు ఈ రెండు ఉదాహరణలు చూపి సంబరపడతారని తెలుసు. అయితే అత్యవసరానికి రాసిన నియమాన్ని మామూలు పాలనకు కొలతగా పెట్టుకోవడం న్యాయం కాదు.

విప్పని మూటలో వెళ్లిన గీత మనుషుల మీద ఎలా పడిందో మాహూర్ ప్రాంతంలో చూడాలి. మాహూర్‌కు ఉత్తరాన పెన్‌గంగ, దాని అవతల యవత్మాల్ జిల్లాలో పుసద్. ఇటూ అటూ బంజారా (లంబాడా) తాండాలే, ఒకే బంధుత్వాలు, ఒకే గోర్‌బోలి. 1976లో పార్లమెంటు షెడ్యూల్డ్ తెగల జాబితాలను సవరించి ప్రాంతాల పరిమితులు తీసేసింది. అప్పటిదాకా ఆంధ్ర ప్రాంతంలో మాత్రమే తెగగా ఉన్న లంబాడాలు తెలంగాణలో కూడా తెగలయ్యారు. కిన్వట్, మాహూర్ లంబాడాలు అప్పటికి ఇరవై ఏళ్లుగా మహారాష్ట్రవారు. వారు విముక్త జాతుల జాబితాలోనే ఉండిపోయారు. 1956లో ఆదిలాబాద్‌లోనే ఉండి ఉంటే వారి చేతికి వేరే ధ్రువపత్రం వచ్చేది. ఆ తర్వాత మహారాష్ట్ర నుంచి ఆదిలాబాద్‌లోకి బంజారాల వలస పెరిగి గోండుల భూములు పోయిన తీరును మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ వివరంగా రాశాడు. ఆయన దాన్ని గోండుల కథగా రాశాడు. నేను దాన్ని 1956 నాటి మంత్రివర్గ తీర్మానపు రెండో అంకంగా చదువుతాను.

దీనికి ఒక విచిత్రమైన తోక ఉంది. పుసద్ దగ్గరి గహులి గ్రామంలో పుట్టిన బంజారా నాయకుడు వసంతరావు నాయక్ 1963 నుంచి 1975 వరకు మహారాష్ట్ర ముఖ్యమంత్రి. పెన్‌గంగ అవతలి బంజారా రాష్ట్ర మంత్రివర్గానికే పెద్ద అయినా తన జనాన్ని షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చలేకపోయాడు. 342వ అధికరణం ఆ తాళంచెవిని పార్లమెంటు చేతిలో, అంటే ఆచరణలో కేంద్ర మంత్రివర్గం చేతిలో, పెట్టింది. ముఖ్యమంత్రి కుర్చీ కంటే ఢిల్లీలో ఒక మంత్రివర్గ నోట్‌లోని వాక్యం బలమైనది.

2025 సెప్టెంబర్ 2న మహారాష్ట్ర ప్రభుత్వం మరాఠాలకు కున్బీ ధ్రువపత్రాల కోసం నిజాం నాటి హైదరాబాద్ గెజిట్‌ను ఆధారంగా తీసుకుంటూ ఉత్తర్వు ఇచ్చింది. మరాఠా రిజర్వేషన్ల కోసం ముంబై ఆజాద్ మైదానంలో నిరాహారదీక్షలో ఉన్న మనోజ్ జరాంగే దగ్గరికి ఆ మాట తీసుకెళ్లింది రాధాకృష్ణ విఖే పాటిల్ నాయకత్వంలోని మంత్రివర్గ ఉపసంఘం. ఆ వెంటనే మరాఠ్వాడా బంజారాలు రోడ్డెక్కి, అదే గెజిట్ ప్రకారం తమను షెడ్యూల్డ్ తెగగా గుర్తించాలని అడిగారు. 1956లో హైదరాబాద్ నుంచి తెగిపోయిన తాలూకాలు హైదరాబాద్ కాగితమే పట్టుకుని ముంబై ఉపసంఘం ముందు నిలబడ్డాయి. ఆ ఉపసంఘం మరాఠాలకు ఉత్తర్వు ఇవ్వగలిగింది. బంజారాలు అడిగేది మాత్రం మళ్లీ ఢిల్లీకే పోవాలి.