పుస్తకాల్లో విలువ, బజార్లో విలువ, మన పెన్షను

బ్యాంకు అకౌంట్సు విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా ఈ ప్రత్యేక సంచికకు నేను ఎంచుకున్న విషయం ఇది. వార్షిక నివేదికలో "పెన్షను బాధ్యత ఇన్ని కోట్లు పెరిగింది" అని చూడగానే మన సభ్యులు కొందరు కలవరపడుతుంటారు. ఆ అంకె ఎలా పుట్టిందో తెలిస్తే కలవరం సగం తగ్గుతుంది. దాని వెనుక ముప్పై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

మనం ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో కొన్న ధరే విలువ. పాతికవేలకు కొన్న స్థలం తరువాత లక్షలు పలికినా లెడ్జరులో పాతికవేలే. ఈ పద్ధతిలో సుఖం ఉంది. రశీదు చూపిస్తే ఇక వాదన లేదు. కాని బ్యాంకు అసలు పరిస్థితి బయటకు కనపడదు. 1990లో ఎస్.ఎల్.ఆర్. నిబంధన కింద డిపాజిట్లు వగైరా బాధ్యతల్లో నూటికి 38.50 రూపాయలు ప్రభుత్వ బాండ్లు మొదలైన వాటిలోనే పెట్టాల్సి వచ్చేది. అంత సొమ్ముకు బజార్లో ధర ఎంతో పుస్తకాలు చెప్పేవి కావు.

1991లో నరసింహం కమిటీ నివేదిక వచ్చింది. 1992లో ప్రభుత్వ బాండ్లకు వేలంపాట మొదలై, వడ్డీని బజారు నిర్ణయించసాగింది. అప్పుడే రిజర్వు బ్యాంకు, పెట్టుబడుల్లో ఒక భాగాన్ని మార్కెట్ ధరకు లెక్కకట్టమంది. దీని తిరకాసు చిన్న ఉదాహరణతో చెబుతాను. ఏడాదిలో తీరే 100 రూపాయల బాండు, వడ్డీ 6 శాతం అనుకోండి. బజార్లో వడ్డీ 8 శాతానికి పెరిగితే, ఏడాది తరువాత వచ్చే 106 రూపాయల కోసం ఇవాళ ఎవరైనా ఇచ్చేది 98 రూపాయల 15 పైసలే. వడ్డీ పెరిగితే బాండు ధర పడుతుంది, తగ్గితే పెరుగుతుంది. మిగతా కథంతా ఈ ఒక్క సూత్రం మీదే నడిచింది.

2000లో పెట్టుబడులను మూడు తరగతులు చేశారు: తీరేదాకా ఉంచుకునేవి, అమ్మకానికి వీలున్నవి, వ్యాపారానికి కొన్నవి. చివరి రెండింటిలో నికరంగా నష్టం తేలితే చూపాలి, లాభం తేలితే వదిలేయాలి. 2024 ఏప్రిల్ 1 నుండి అమలైన కొత్త ఆదేశాలతో వీటి లాభనష్టాలు రెండూ పుస్తకాల్లోకి వస్తున్నాయి.

ఇతర దేశాల్లో ఈ 'ఫెయిర్ వాల్యూ' పద్ధతికి 2006లో అమెరికా, 2011లో అంతర్జాతీయ ప్రమాణాల బోర్డు సమగ్రమైన నియమాలు తెచ్చాయి. మన దేశంలో పెద్ద కంపెనీలకు 2016 ఏప్రిల్ నుండి 'ఇండ్ ఏ.ఎస్. 113' వచ్చింది. వీటి ప్రకారం ఫెయిర్ వాల్యూ అంటే తెలిసినవాళ్ళ మధ్య, తొందర లేకుండా, ఆ తేదీన జరిగే బేరంలో వచ్చే ధర. విధిలేక తెగనమ్మిన ధర కాదు. దీనికి మూడు మెట్లున్నాయి. అదే సరుకుకు బజార్లో రోజూ పలికే ధర మొదటిది. పోలిన సరుకుల ధరలు, వడ్డీ రేట్లు చూసి కట్టేది రెండవది. సొంత అంచనాలతో కట్టేది మూడవది. 2008లో అమెరికాలో కొన్ని బాండ్లకు కొనేవాడే కరువైనప్పుడు, ఈ మూడో మెట్టు ఎంత బలహీనమో లోకానికి తెలిసింది.

ఇక మన పెన్షను సంగతి. 1993 అక్టోబరు 29న ఒప్పందం కుదిరి, 1995లో నిబంధనలు వచ్చాయి. పెన్షను నిధి లెక్కలో రెండు వైపులున్నాయి. నిధిలోని బాండ్లు వగైరా ఆస్తులకు ఫెయిర్ వాల్యూ కడతారు. మనకు ముందుముందు ఇవ్వవలసిన సొమ్ముకు, యాక్చువరీ అనే నిపుణుడు నేటి విలువ కడతాడు. మనం ఎంతకాలం జీవిస్తామో, డి.ఏ. ఎంత పెరుగుతుందో అంచనా వేసి, ప్రభుత్వ బాండ్ల వడ్డీరేటును ఆధారం చేసుకుని వెనక్కి లెక్కకడతాడు. సవరించిన 'ఏ.ఎస్. 15' ప్రకారం బ్యాంకుల్లో ఇది 2007-08 నుండి అమలైంది.

పదేళ్ళ తరువాత ఇవ్వవలసిన లక్ష రూపాయలకు 8 శాతం రేటుతో నేటి విలువ సుమారు 46,319 రూపాయలు. రేటు 6 శాతానికి దిగితే 55,839. బాధ్యత 9,520 రూపాయలు పెరిగినట్టు కనపడుతుంది. కాని పింఛనుదారు చేతికి అదనంగా ఒక్క పైసా రాలేదు! అదే సమయంలో నిధిలోని బాండ్ల ధర కూడా పెరుగుతుంది. ఒక వైపే చూసి భయపడడం, భయపెట్టడం రెండూ తగవు.

అన్ని పెరుగుదలలూ ఇలాంటివని నేను అనడం లేదు. 2010 ఏప్రిల్ 27 ఒప్పందంతో రెండవ ఆప్షను వచ్చినప్పుడు, వేలాదిమంది కొత్తగా చేరి బాధ్యత నిజంగానే పెరిగింది. ఆ భారాన్ని అయిదేళ్ళకు సర్దుకోవడానికి రిజర్వు బ్యాంకు 2011లో అనుమతించింది.

కనుక ఈసారి నివేదిక చేతికి వచ్చినప్పుడు, వెనుక పేజీల్లో ఉద్యోగుల ప్రయోజనాల గురించిన నోటు తీయండి. ఏ వడ్డీరేటు వాడారు? నిరుటికీ ఇప్పటికీ తేడా ఎంత? నిధి ఆస్తుల విలువ ఎంత? చిన్న అక్షరాలు కనబడకపోతే పిల్లల చేత చదివించుకోండి. మన కోరికలకు ఖర్చు ఎక్కువని ఎవరైనా కోట్లు చెబితే, సంఘం తరఫున మొదట అడగవలసినది, ఆ కోట్లు ఏ రేటు మీద కట్టారని. ఆ జవాబు చేతిలో ఉంటే చర్చ అంకెల మీద జరుగుతుంది.